గుడి కనిపిస్తున్నా... దిగాల్సిందే!

పోయిన ఏడాది మే నెలాఖర్లో, పిల్లల సెలవుల్లో మా రెండు కుటుంబాలం కలిసి కేదార్‌నాథ్ వెళ్లాం. నేనూ, నా భార్యా, పిల్లలిద్దరూ, మా అక్కా, బావగారూ. బావగారికి యాభై రెండేళ్లు. కాస్త బీపీ ఉంది. రోజూ మాత్ర వేసుకుంటారు. గుండె పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. 'అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కడా కూర్చోకుండా ఎక్కేవాణ్ని, నాకేంటయ్యా' అని బయల్దేరే ముందే అన్నారు. నిజమే. గౌరీకుండ్ నుంచి మా అందరికన్నా ముందు నడిచిందీ ఆయనే. మర్నాటి ఉదయం గుడారంలోంచి నాలుగడుగులు బయటికి వేయలేకపోయిందీ ఆయనే.

ఆ రాత్రి సంగతి మీకు వివరంగానే చెబుతాను. ఎందుకంటే పొరపాటు ఎక్కువగా నాది.

తెల్లవారుజామున నడక మొదలెట్టి, సాయంత్రం అయిదింటికి పైకి చేరాం. బావగారు తలనొప్పి అన్నారు. అన్నం సహించటం లేదన్నారు. పొద్దుట్నుంచీ సరిగా తినలేదు, పదహారు కిలోమీటర్లకు పైగా నడిచారు, పైగా చలి... అందుకే అనుకుని పారాసిటమాల్ మాత్ర ఇచ్చి పడుకోమన్నాను. ఇదే తలనొప్పితో మరొకరు నా ఓపీకి వచ్చి 'కొండ మీదున్నాను' అని చెబితే నేను అలా మాత్ర ఇచ్చి పంపను. ఇంట్లోవాళ్ల విషయంలో డాక్టర్ల బుర్ర కూడా ఒక్కోసారి సెలవు పెడుతుంది.

రాత్రి రెండింటికి పొడి దగ్గు మొదలైంది. పడుకుంటే ఊపిరాడటం లేదని దిండు ఎత్తుగా పెట్టుకుని కూర్చున్నారు. తెల్లారాక బాత్రూముకి వెళ్తూ ఇరవై అడుగుల్లో రెండుసార్లు ఆగారు. అప్పుడు మెలకువ వచ్చింది నాకు. కూర్చోబెట్టి లెక్కపెడితే నిమిషానికి 32 సార్లు శ్వాస తీసుకుంటున్నారు. వేళ్లు రుద్ది వెచ్చబెట్టి ఆక్సీమీటర్ పెడితే 67 చూపించింది. మా అందరికీ 84 నుంచి 88 మధ్య ఉంది. ఆ ఎత్తులో అది మామూలే. వీపు మీద స్టెతస్కోపు పెడితే కుడివైపు నీటి బుడగలు పగులుతున్నట్టు చప్పుడు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోంది!

దిగిపోదామన్నాను. 'అదిగో శిఖరం కనపడుతోంది. ఇంత దూరం వచ్చి... ఒక్క గంటలో దర్శనం చేసుకుని దిగుదామయ్యా డాక్టరూ' అన్నారు. అక్క నా ముఖంలోకి చూసింది. నిజం చెప్పాలంటే ఆ గంట ఇచ్చేద్దామా అని నాకూ ఒక్క క్షణం అనిపించింది. క్యూ చూస్తే అది గంటలో తెమిలేది కాదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరటం మొదలయ్యాక కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి రావొచ్చు.

అక్కడున్న వైద్య శిబిరంలో ఆక్సిజన్ పెట్టి, మందు ఇచ్చారు. మబ్బు కమ్మేసి హెలికాప్టర్లు ఎగరటం లేదు. నడిస్తే ఊపిరితిత్తుల మీద భారం ఇంకా పెరుగుతుంది కాబట్టి డోలీ మాట్లాడాం. నలుగురు మోస్తుంటే నేను సిలిండర్‌తో పక్కన నడిచాను. లించోలీ దాటాక ఆయన మాట్లాడటం మొదలెట్టారు. రాంబాడా దాటాక ఆకలన్నారు. గౌరీకుండ్‌లో ఆక్సీమీటర్ 90 దాటింది. కింద ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తిలో ఇంకా తెల్లటి మచ్చలున్నాయి. మూడో రోజుకి కుదుటపడ్డారు. ఈ సమస్యకి అసలు మందు కిందికి దిగటమే. ఆక్సిజనూ, మాత్రలూ దిగేదాకా కాస్త కాపాడతాయి, అంతే.

తిరుమల వేరు, కేదారం వేరు

బావగారి ఒంట్లో సత్తువ తక్కువై ఇలా జరగలేదు. తిరుమల కొండ ఎత్తు వెయ్యి మీటర్లు కూడా ఉండదు. అక్కడ పరీక్ష మోకాళ్లకీ, గుండెకీ. కేదార్‌నాథ్ 3,583 మీటర్ల ఎత్తున ఉంది. గాలిలో ఆక్సిజన్ పాళ్లు అక్కడా 21 శాతమే. కానీ గాలి ఒత్తిడి తగ్గిపోవటం వల్ల మనం పీల్చే ఒక్కో శ్వాసలో సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతుల ఆక్సిజనే లోపలికి వెళ్తుంది. దీనికి ఒళ్లు అలవాటు పడటానికి రోజులు పడుతుంది. ఎంత దిట్టమైన మనిషైనా ఆ రోజుల్ని దాటవేయలేడు. ఇంకా చెప్పాలంటే, గబగబా ఎక్కే యువకులకే ముప్పు ఎక్కువగా ఉండొచ్చు.

మా ప్రయాణం చూడండి. మొదటి రాత్రి హరిద్వార్‌లో సుమారు 300 మీటర్ల ఎత్తున, రెండో రాత్రి గుప్తకాశిలో 1,300 మీటర్ల ఎత్తున, మూడో రాత్రి 3,583 మీటర్ల దగ్గర పడుకున్నాం! మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకి మించి పెరగకూడదన్నది పర్వత వైద్యంలో మొదటి పాఠం. ఆ పాఠం నాకు తెలుసు. సెలవులు తక్కువ, తర్వాత బద్రీనాథ్ కూడా చూడాలి. టికెట్లు బుక్ చేసింది కూడా నేనే.

మీరు వెళ్తున్నట్లయితే గౌరీకుండ్‌లోనో, ఆ చుట్టుపక్కలో ఒకటి రెండు రాత్రులు ఆగండి. వీలైతే దారిలో లించోలీ దగ్గర ఇంకో రాత్రి. బద్రీనాథ్ వదులుకోవాల్సి వస్తే వదులుకోండి. 'పెద్దవాళ్లకి నడక ఎందుకు, హెలికాప్టర్లో తీసుకెళ్తాం' అని చాలామంది అంటుంటారు. మోకాళ్లకి మంచిదే. కానీ కొన్ని నిమిషాల్లో ఒకేసారి రెండువేల మీటర్లు పైకి తీసుకెళ్లి దింపుతుంది. ఒంటికి అలవాటు పడే అవకాశమే ఉండదు. అలా వెళ్తే దర్శనం చేసుకుని అదే రోజు దిగిపోవటం మేలు. రాత్రి అక్కడ ఉండొద్దు.

వెళ్లే ముందు మీ డాక్టరుని కలిసి ఎసిటజోలమైడ్ మాత్ర గురించి అడగండి. సాధారణంగా 125 మిల్లీగ్రాములు ఉదయం, సాయంత్రం... ఎక్కటానికి ఒక రోజు ముందు నుంచి ఇస్తాం. మూత్రం ఎక్కువగా రావటం, వేళ్లు తిమ్మిరెక్కటం మామూలే. సల్ఫా మందులు పడనివాళ్లూ, కిడ్నీ జబ్బున్నవాళ్లూ సొంతంగా వేసుకోవద్దు. ఈమధ్య గుండెపోటు వచ్చినవారు, మెట్లెక్కితే ఛాతీ బరువెక్కేవారు, గర్భిణులు ఈ ప్రయాణం మానుకోవటమే మంచిది.

మధుమేహం ఉన్నవాళ్లతో ఒక మాట. దర్శనం అయ్యేదాకా ఉపవాసం ఉంటూ మాత్రలు మాత్రం వేసుకునేవారు మనలో ఎక్కువ. ఆ చలిలో, ఆ నడకలో చక్కెర దారుణంగా పడిపోతుంది. వణుకూ చెమటా వస్తే ఎక్కిన అలసట అనుకుంటారు. తినే నడవండి, జేబులో గ్లూకోజు బిళ్లలు ఉంచుకోండి. ఇన్సులిన్ బయటి సంచిలో పెడితే గడ్డకట్టొచ్చు, చొక్కా లోపలి జేబులో ఉండాలి. ఇక ఆడవాళ్లు దారిలో బాత్రూములకి భయపడి నీళ్లు తాగటం మానేస్తారు. మా అక్క చేసిందీ అదే. దీంతో తలనొప్పి వస్తే అది దేనివల్లో తేల్చటం కూడా కష్టమైపోతుంది.

దారిలో కర్పూరం పొట్లాలు అమ్ముతుంటారు. వాసన చూస్తే ముక్కు తెరుచుకున్నట్టు హాయిగా ఉంటుంది గానీ రక్తంలో ఆక్సిజన్ ఒక్క పాయింటూ పెరగదు. చిన్న ఆక్సిజన్ డబ్బాలూ అంతే, కొద్ది నిమిషాల్లో ఖాళీ.

ఎప్పుడు వెనక్కి తిరగాలి?

ఎక్కేటప్పుడు ఆయాసం అందరికీ వస్తుంది. పది, పదిహేను నిమిషాలు కూర్చుంటే తగ్గాలి. కూర్చున్నా తగ్గని ఆయాసం, పడుకుంటే పెరిగే ఆయాసం, పొడి దగ్గు, నురగలాంటి కళ్లె, పెదవులు నీలంగా మారటం... వీటిలో ఏది కనిపించినా దిగాల్సిందే. మెదడు వాచినా అంతే ప్రమాదం. అనుమానం వస్తే మనిషిని నేల మీద గీత గీసినట్టు మడమకి బొటనవేలు ఆనిస్తూ నడవమనండి. తాగినవాడిలా తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా తెల్లారేదాకా ఆగొద్దు. ఒంటరిగా దింపొద్దు. చిన్నపిల్లలు తలనొప్పి అని చెప్పలేరు. తిండి మానేసి, ఊరికే ఏడుస్తూ చిరాకుపడితే అదే తలనొప్పి అనుకోండి.

తలనొప్పి, వికారం మాత్రమే ఉంటే ఉన్నచోటే ఆగండి. ఆ రాత్రికి ఇంకా పైకి వెళ్లొద్దు. నిద్రమాత్రలూ, మద్యమూ అసలొద్దు.

ఒక ఏర్పాటు మాత్రం ఇంటి దగ్గరే చేసుకోండి. ఎవరు ఆగిపొమ్మంటే అందరూ ఆగుతారో, ఎవరికి బాగోకపోతే వాళ్లతో ఎవరు దిగుతారో బస్సెక్కక ముందే మాట్లాడుకోండి. పైన, శిఖరం కనపడుతున్నప్పుడు ఈ మాట తెగదు. మాకు తెగటానికి దాదాపు అరగంట పట్టింది. ఆ అరగంట బావగారి దగ్గర లేదు.

ఆయన మళ్లీ వెళ్తానంటున్నారు. ఒకసారి ఇలా ఊపిరితిత్తుల్లో నీరు చేరినవారికి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే ఈసారి నెమ్మదిగా ఎక్కాలి, ముందు జాగ్రత్తగా మాత్రలూ వాడాలి. సెప్టెంబరులో వారం రోజులు కేదారానికే అనుకున్నాం. టికెట్లు ఈసారి అక్క బుక్ చేస్తోంది.