మూత్రపిండముల వ్యాధి: ప్రతిరక్షక చికిత్స

కంచె చేను మేసినట్లను సామెత నెఱుగని స్త్రీ మనలో నుండదు. రోగక్రిములనుండి మనలను గాపాడుటకు దేహమున నొక రక్షణశక్తి గలదు. అది వైద్యులు యాంటీబాడీలని చెప్పు ప్రతిరక్షకములను బుట్టించి క్రిములను నశింపజేయును. ఒక్కొక్కరియం దా శక్తియే దారితప్పి స్వదేహమును బాధించును. లూపస్ అను వ్యాధి యట్టిది. ఈ వ్యాధిగ్రస్తులలో 10 మందికి 9 మంది స్త్రీలే. అందును బిడ్డలను గను ప్రాయమువారే యెక్కువ.

ఆ ప్రతిరక్షకములు మూత్రపిండములలోని వడపోత నాళములయందు జేరినచో, అచట వాపు పుట్టి, రక్తములోని మాంసకృత్తులు మూత్రముతో బోవును. ఉదయమున కనురెప్పలు ఉబ్బుట, పాదములు నీరుపట్టుట, మూత్రము నురుగుకట్టుట, రక్తపుపోటు హెచ్చుట దీని గుఱుతులు. ఇవి కనబడినపుడు మూత్రపరీక్ష చేయింపవలెను.

స్టీరాయిడ్లు, మైకోఫెనోలేట్, సైక్లోఫాస్ఫమైడ్ మున్నగునవి వాడుకలోనున్న మందులు. వీనికి లొంగని వ్యాధియు గలదు. అట్టివారికి ముల్లును ముల్లుతోనే తీయు ఉపాయము నేడు లభించినది. ప్రతిరక్షకములను బుట్టించు కణములకు మూలము బి-కణములు. వానిపై సీడీ-20 అను గుఱుతు గలదు. ప్రయోగశాలలో దయారైన రిటుక్సిమాబ్ అను ప్రతిరక్షకము ఆ గుఱుతును బట్టుకొని యా కణములను నశింపజేయును. దీనిని ఆసుపత్రిలో కొన్ని గంటలసేపు రక్తనాళముద్వారా మెల్లగా నెక్కింతురు.

1997లో అమెరికాలో నీ మందు మొదట నొకవిధమగు క్యాన్సరునకు అనుమతింపబడెను. దీని వెల సామాన్యుల కందనిది. విజయవాడ కెదురుగా కృష్ణ కావలియొడ్డున నున్న తాడేపల్లిలో పసుపురైతు నింట బుట్టిన కల్లం అంజిరెడ్డిగారు 1984లో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ, 2007లో ‘రెడిటక్స్’ పేర దీనికి సాటియగు మందును ఇంచుమించు సగము వెలకే వెలువరించెను. ఇది మన తెలుగువారికి గర్వకారణము.

అయినను దీనిని సంజీవని యనరాదు. 2012లో వెలువడిన పరిశోధనలో, వాడుక మందులకు రిటుక్సిమాబ్ చేర్చినందున స్పష్టమైన యాధిక్యము కనబడలేదు. ఇతర మందులకు లొంగనివారికి మాత్రము వైద్యులు దీనిని వాడుచున్నారు. దీని జాతిదే యగు ఒబినుటుజుమాబ్‌ను వాడుక మందులకు జేర్చి పరీక్షింపగా, 76 వారములకు నూటికి 46 మందికి వ్యాధి పూర్తిగా నెమ్మదించెను. చేర్చనివారిలో 33 మందికే యట్లయ్యెను. 2025లో అమెరికా దీనిని లూపస్ మూత్రపిండవ్యాధికి అనుమతించినది.

ఈ చికిత్సవలన రక్షణశక్తి తగ్గును గాన, జ్వరము వచ్చినచో వెంటనే వైద్యునకు జెప్పవలెను. ముందుగా హెపటైటిస్-బి పరీక్ష తప్పనిసరి. గర్భము ధరింపదలచినవారు వైద్యుని సలహా పొందవలెను. స్టీరాయిడ్లను స్వయముగా నొక్కసారి మానరాదు.

సోదరీమణులారా! పెండ్లిసంబంధము చెడునను భయమున కన్నెపిల్లల వ్యాధిని దాచు తల్లులు నేటికిని గలరు. మందులు వాపు నణచగలవు గాని, యెండి గట్టిపడిన మూత్రపిండమును మరల జిగురింపజేయజాలవు. దాచిన దినములే పోయిన దినములు. సంబంధములు మరల వచ్చును. బిడ్డ యారోగ్యమును ముందు చూడుడు.