పరిహేళి, అపహేళి అంటే ఏమిటి?

భూమి కక్ష్యలో సూర్యునికి అతి దగ్గరగా ఉండే బిందువు పరిహేళి, అతి దూరంగా ఉండే బిందువు అపహేళి. కక్ష్య సరైన వృత్తమై, సూర్యుడు దాని కేంద్రంలో ఉంటే ఈ రెండూ ఉండేవి కావు. గ్రహాల కక్ష్యలు దీర్ఘవృత్తాలనీ, సూర్యుడు కేంద్రంలో కాక ఒక నాభి వద్ద ఉంటాడనీ జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త జొహాన్నెస్ కెప్లర్ 1609లో ప్రకటించాడు.

ఈ పేర్లు ఎలా వచ్చాయి?

గ్రీకులో ‘పెరి’ అంటే దగ్గర, ‘అపో’ అంటే దూరం, ‘హేలియోస్’ అంటే సూర్యుడు. వీటితో కెప్లర్ కూర్చిన మాటలే ఇంగ్లిషులో పెరిహీలియన్, అఫీలియన్ అయ్యాయి. సంస్కృతంలోనూ సూర్యునికి ‘హేళి’ అనే పేరుంది. వరాహమిహిరుని బృహజ్జాతకంలో కనిపించే ఈ మాట కూడా గ్రీకు నుంచి వచ్చినదే.

దూరం, వేగం ఎలా మారతాయి?

జనవరి మొదట్లో భూమి పరిహేళికి చేరుతుంది. అప్పుడు సూర్యుని దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు, భూమి వేగం సెకనుకు 30.3 కిలోమీటర్లు. జులై మొదట్లో అపహేళి వద్ద దూరం 15.2 కోట్ల కిలోమీటర్లకు పెరుగుతుంది, వేగం 29.3కి తగ్గుతుంది.

దగ్గరగా ఉన్నప్పుడే మనకు చలి ఎందుకు?

ఋతువులకు ముఖ్య కారణం దూరం కాదు, భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉండటం. జనవరిలో ఉత్తరార్ధగోళం సూర్యునికి ఎడంగా వాలి ఉంటుంది. కిరణాలు ఏటవాలుగా పడతాయి, పగటి సమయం తగ్గుతుంది. అందుకే చలి. అదే సమయంలో దక్షిణార్ధగోళంలోని ఆస్ట్రేలియాలో వేసవి.