ఊరిని కాంటాకెక్కిస్తే...

హైదరాబాద్ బేగం బజార్‌లో కాంటా లేని కొట్టు వెతకడం కష్టం. బాదంపప్పు, పసుపు కొమ్ములు, ఇత్తడి బిందెలు అన్నీ తూకానికే. రెండో నిజాం భార్య హమ్దా బేగం వర్తకులకు ఇచ్చిన స్థలం కాబట్టి ఆ పేరు వచ్చిందంటారు. ఈ సందుల్లో తిరుగుతుంటే ఎవరికైనా ఒక చిలిపి ఆలోచన వస్తుంది: ఊరినే తూస్తే?

తూశారు కూడా. 1965లో ఏబెల్ వోల్‌మన్ అనే అమెరికన్ ఇంజనీరు పది లక్షల జనాభా ఉన్న ఒక ఊహానగరానికి జమాఖర్చు రాశాడు. రోజుకు లోపలికి 6,25,000 టన్నుల నీరు, 9,500 టన్నుల ఇంధనం, 2,000 టన్నుల తిండి. బయటికి 5 లక్షల టన్నుల మురుగునీరు, 2,000 టన్నుల చెత్త. మహానగరమని మనం మురిసిపోయేది, తూకంలో నూటికి 98 వంతులు నీళ్లే!

హైదరాబాద్ నీటికీ ఓ చిక్కుంది. మూసీ నది 1908 సెప్టెంబరు 28న ఊరిని ముంచెత్తాక కట్టిన ఉస్మాన్‌సాగర్ నీళ్లు పల్లం వెంట వాటంతటవే ఆసిఫ్‌నగర్ దాకా వచ్చేవి. ఇప్పుడు వచ్చే కృష్ణా, గోదావరి నీళ్లను వంద కిలోమీటర్లకు పైబడిన దూరం నుంచి మోటార్లతో ఎత్తిపోయాలి. కుళాయి దగ్గర రెండూ లీటరే. కరెంటు బిల్లు దగ్గర మాత్రం కాదు.

ఒకే పేరుకు రెండు లెక్కలుండటం కొత్త కాదు. మన పెద్దల లెక్కలో సేరంటే 24 తులాలు, అయిదు సేర్లు ఒక వీసె. బ్రిటిష్ సర్కారు సేరేమో 80 తులాలు. ఏ సేరో అడక్కుండా బేరం ఆడితే మునిగినట్టే. నగరాల పోలికలోనూ అదే తంటా: ఏ హైదరాబాద్? 2011 జనాభా లెక్కల్లో హైదరాబాద్ జిల్లాలో చదరపు కిలోమీటరుకు 18 వేల పైచిలుకు జనం. అదే లెక్కల్లో, 2007లో ఏర్పడిన గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ) హద్దులు గీస్తే పదివేల చిల్లర. ఊరు మారలేదు, గీత మారింది. ఏదైనా సూచీలో మన ర్యాంకు కనిపిస్తే నేను మొదట చూసేది ఆ గీతనే.

గీతే కాదు, మాటకు అర్థమూ లెక్క మారుస్తుంది. హైదరాబాద్‌లో అడవి 2011లో 33.15 చదరపు కిలోమీటర్లు, 2021లో 81.81. ఇది భారత అటవీ సర్వే సంస్థ లెక్క. అయితే వాళ్ల దృష్టిలో హెక్టారుకు, అంటే సుమారు రెండున్నర ఎకరాలకు, తగ్గని జాగాలో నూటికి పది వంతులైనా చెట్ల నీడ పరుచుకుంటేనే అడవి. బేగం బజార్‌లోని ఫీల్‌ఖానా సందులో ఒంటరి వేపచెట్టు ఎంత నీడనిచ్చినా ఆ లెక్కకెక్కదు.

2022లో దక్షిణ కొరియాలోని జెజూలో 'వరల్డ్ గ్రీన్ సిటీ' పురస్కారం మనకే దక్కింది. దేనికంటే 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్‌రోడ్డు పచ్చదనానికి. బాజా మోగింది ఊరి చుట్టూ, ఊరి నడుమ కాదు.

2019లో మెర్సర్ సంస్థ జీవన నాణ్యత జాబితాలో హైదరాబాద్‌కు పుణెతో కలిసి దేశంలో మొదటి స్థానం (ప్రపంచంలో 143). 2020 కేంద్ర ప్రభుత్వ జీవన సౌలభ్య సూచీలో 49 పెద్ద నగరాల్లో 24వ స్థానం. తక్కెడలు వేరు మరి: మెర్సర్‌ది కంపెనీలు విదేశాలకు పంపే ఉద్యోగుల కోసం వేసిన తూకం, హమాలీ కోసం కాదు. కేంద్రం సూచీలో సుస్థిరతకు నూటికి 20 మార్కులే, జనం అభిప్రాయానికి 30.

ఐక్యరాజ్యసమితి కొలతలో అర కిలోమీటరు లోపు బస్టాపు ఉంటే రవాణా అందుబాటులో ఉన్నట్టే. అఫ్జల్‌గంజ్ బస్టాపు పక్కనే కాబట్టి బేగం బజార్‌కు మంచి మార్కులే పడాలి. ఇరవై కిలోల మూటతో ఆ బస్సెక్కడం గురించి మాత్రం ఆ కొలత అడగదు.

చివరగా క్యారీబ్యాగులు. చట్టం ప్రకారం వీటి కనీస మందం 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్లు, 2022 డిసెంబరు 31 నుంచి 120. టోకు కొట్లో అమ్మకం కిలోల్లో. కవరు ఎంత పలచనైతే కిలోకు అంత ఎక్కువ తూగుతాయి. అందుకే కొనేవాడు మందం అడగడు, ‘కిలోకు ఎన్నొస్తాయి?’ అంటాడు.