కథలో భయం ఎక్కడ నుండి వస్తుంది?



పుస్తకంలోని అక్షరం మనల్ని కొట్టదు, కరవదు. అయినా కొన్ని కథలు చదివితే ఒంటి మీద వెంట్రుకలు లేస్తాయి. భయం వేస్తుంది కానీ పుస్తకం మూయబుద్ధి కాదు. ఇది ఎలా జరుగుతుంది? మా ఇంగ్లీషు సార్ చెప్పిన రెండు పాత కథలను తీసుకొని తెలుసుకుందాం.

మొదటి కథ పేరు "కోతి చెయ్యి". దీన్ని ఇంగ్లాండు రచయిత డబ్ల్యు. డబ్ల్యు. జేకబ్స్ 1902లో రాశారు. ఆయన ఎక్కువగా రాసింది ఓడ మనుషుల మీద నవ్వు కథలు. కానీ లోకమంతా గుర్తు పెట్టుకున్నది ఈ భయం కథనే.

వైట్ అనే ముసలాయన, ఆయన భార్య, కొడుకు హెర్బర్ట్ ఒక ఇంట్లో ఉంటారు. మన దేశంలో ఇరవై ఒక్క ఏళ్లు సైన్యంలో చేసి వచ్చిన మోరిస్ అనే ఆయన వాళ్లకి ఎండిపోయిన కోతి చెయ్యి చూపిస్తాడు. ఒక ఫకీరు దానికి మంత్రం వేశాడట. ముగ్గురు మనుషులు, ఒక్కొక్కరు మూడేసి కోరికలు కోరుకోవచ్చు. వైట్ 200 పౌండ్లు కోరుకుంటాడు. మర్నాడు కంపెనీ మనిషి వస్తాడు. హెర్బర్ట్ మిషన్లో పడి చనిపోయాడని చెప్పి నష్టపరిహారం ఇస్తాడు. అది సరిగ్గా 200 పౌండ్లు!

ఇప్పుడు రచయిత ఏమేం చేశారో చూద్దాం.

1. వెచ్చని ఇంటితో మొదలు పెట్టారు

కథ స్మశానంలో మొదలు కాదు. బయట చలి, వాన. లోపల పొయ్యి మండుతున్నది, తండ్రీ కొడుకులు చదరంగం ఆడుతున్నారు, తల్లి అల్లుకుంటున్నది. మనకి ఆ ఇల్లు నచ్చుతుంది. నచ్చిన దాన్ని పోగొట్టుకుంటామేమో అన్నప్పుడే భయం వేస్తుంది. మనకి ఏమీ కాని వాళ్లకి ఏం జరిగినా అంత భయం వేయదు.

2. ముందే హెచ్చరించారు

మోరిస్ ఆ చెయ్యిని మంటలో పడేస్తాడు. వైట్ గబుక్కున తీసుకుంటాడు. మొదట దాన్ని వాడిన మనిషి మూడో కోరికగా చావుని కోరుకున్నాడని మోరిస్ చెప్తాడు. మొదటి రెండు కోరికలు ఏమిటో చెప్పడు. ఇంక మనకి తెలిసిపోయింది, ఏదో చెడ్డది వస్తున్నది. ఎప్పుడు, ఎటు నుండి అనేది మాత్రం తెలియదు. ఈ సగం తెలియడాన్నే ఉత్కంఠ అంటారు. అసలు ఏమీ తెలియకపోతే ఉలిక్కిపడతాం, అంతే. అది ఒక్క నిమిషమే ఉంటుంది.

3. చూపించలేదు

కొడుకుని రెండు మైళ్ల దూరంలో పాతిపెట్టారు. కొన్ని రోజులకి తల్లి మొండికేసి, వాడు బతకాలని భర్త చేత రెండో కోరిక కోరిస్తుంది. రాత్రి కొవ్వొత్తి ఆరిపోతుంది. అప్పుడు తలుపు మీద మెల్లగా చప్పుడు. మళ్లీ చప్పుడు. తల్లి గడియ తీయడానికి పరుగెడుతుంది. పై గడియ అందక కుర్చీ లాగుతుంది. తండ్రి చీకట్లో నేల తడుముతూ ఆ చెయ్యి కోసం వెతుకుతాడు. అది దొరికి మూడో కోరిక కోరుకుంటాడు. చప్పుడు ఆగిపోతుంది. తలుపు తీస్తే వీధి దీపం, ఖాళీ రోడ్డు. అంతే.

బయట ఎవరున్నారో రచయిత చెప్పలేదు. మిషన్లో నలిగిన కొడుకుని బట్టలను బట్టే గుర్తు పట్టానని తండ్రి ముందే అంటాడు. ఆ ఒక్క ముక్క చాలు. మిగిలిన బొమ్మ ఎవరికి వారే గీసుకుంటాం. ఎవరి భయం వారికి తెలుసు కదా, అందుకే ఆ బొమ్మ సరిగ్గా మనకి సరిపోతుంది.

ఎండాకాలం సెలవుల్లో ఈ కథని మా అమ్మమ్మకి మా భాషలో చెప్పాను. అమ్మమ్మ బడికి వెళ్లలేదు. తలుపు దగ్గరకి వచ్చేసరికి నన్ను ఆపి, "నేనైతే తలుపు తీసేదాన్నే. ఎలాగొచ్చినా నా బిడ్డే కదే" అంది. అమ్మమ్మకి ఇద్దరు పిల్లలు చిన్నప్పుడే జ్వరంతో పోయారు. అప్పుడు నాకు కథ అర్థమైంది. తలుపు ఒక్కటే. తల్లి ప్రేమతో తీయాలంటది. తండ్రి భయంతో వద్దంటాడు. ఇద్దరిదీ న్యాయమే. మనం ఎటూ చెప్పలేక నలిగిపోతాం. దెయ్యం కన్నా అదే ఎక్కువ భయం.

4. ఆలస్యం చేశారు

రెండో కథ అమెరికా రచయిత ఎడ్గార్ అలెన్ పో 1843లో రాసిన "గుట్టు చెప్పిన గుండె". చిన్న కథలో ప్రతి మాటా ఒకే అనుభూతి కోసం పనిచేయాలని పో అన్నారు. ఇందులో ఒకడు తనకి పిచ్చి లేదంటూనే ఒక ముసలాయన్ని ఎలా చంపాడో మనకి చెప్తాడు. ఏడు రాత్రులు తలుపు కొంచెమే తీసి, లాంతరు వెలుగు సన్నగా వేసి చూస్తాడు. ఎనిమిదో రాత్రి చిన్న చప్పుడై ముసలాయన లేచి కూర్చుంటాడు. ఇద్దరూ గంట సేపు చీకట్లో కదలకుండా ఉంటారు! చదివే మనం కూడా ఊపిరి బిగపడతాం.

తర్వాత శవాన్ని నేల చెక్కల కింద దాస్తాడు. పోలీసులు వస్తే అక్కడే కుర్చీ వేసుకొని కూర్చుంటాడు. అప్పుడు గుండె చప్పుడు వినిపిస్తుంది, పెరుగుతుంది. పోలీసులు మామూలుగానే మాట్లాడుకుంటున్నారు. భరించలేక తనే నేరం ఒప్పుకుంటాడు. అది చచ్చినవాడి గుండా, తన గుండేనా? పో చెప్పలేదు.

ఇది మనకెందుకు?

మిత్రులారా, ఇవే కిటుకులు కథలో ఉంటే ఆనందం. బయట ఉంటే ప్రమాదం. బాత్రూముల దగ్గర ఏదో ఉందని ఒకరంటే, సగమే చెప్తారు. మిగతా సగం చిన్న పిల్లలు ఊహించుకుంటారు. రాత్రంతా ఏడ్చి, ఇంటికి వెళ్లిపోతామంటారు. వెళ్లిన వాళ్లలో కొందరు మళ్లీ బడికి రారు.

ఊళ్లల్లో కూడా అంతే. జ్వరం తగ్గకపోతే చిల్లంగి పెట్టారంటారు. ఎవరూ చూడరు, అందరూ నమ్ముతారు. అది మలేరియా ఏమో రక్త పరీక్ష చేస్తే తెలుస్తది. పరీక్షకి పోకుండా ఒంటరి ముసలమ్మ మీద అనుమానం పెడతారు. అలా మనుషులను కొట్టిన, చంపిన సంగతులు పేపర్లో వచ్చాయి. కథ అయితే చివరి పేజీతో అయిపోతుంది. పుకారుకి చివరి పేజీ ఉండదు.

కాబట్టి ఎవరైనా భయపెడితే మూడు ప్రశ్నలు అడుగుదాం. నీ కళ్లతో చూశావా? చెప్పకుండా వదిలేసింది ఏమిటి? ఇంకేమై ఉండొచ్చు? జవాబు రాకపోతే అది కథ. కథ అయితే అందరం దగ్గరగా కూర్చొని హాయిగా విందాం, చిన్న చెల్లెళ్లను మధ్యలో కూర్చోబెట్టుకుందాం.

ఇంతటితో నా వ్యాసం ముగిస్తున్నాను.

– 9వ తరగతి విద్యార్థిని