ఇంటి నుంచే ఓటు నమోదు: వెసులుబాటు, బాధ్యత

పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి పౌరునికీ రాజ్యాంగంలోని 326వ అధికరణం ఓటు హక్కును కల్పించింది. 61వ సవరణ ద్వారా 1989లో ఈ వయసు 21 నుంచి 18కి తగ్గింది. అయితే జాబితాలో పేరు లేనివారు పోలింగు కేంద్రం దాకా వెళ్లినా వెనుదిరగవలసిందే. కాబట్టి ఓటు వేయడం కన్నా ముందు ఓటరుగా నమోదు కావడం మన కర్తవ్యం.

గుంటూరు, పల్నాడు, ప్రకాశం ప్రాంతాల జీవనాన్ని పత్తి, మిరప పంటలే నడిపిస్తాయి. ఓటరు జాబితా వార్షిక సవరణ సాధారణంగా పత్తితీతల రోజుల్లోనే సాగుతుంది. అది ముగిసేసరికి మిరప కోతలు మొదలవుతాయి. అలాంటి వేళ తహసీల్దారు కార్యాలయానికి వెళ్లిరావడమంటే ఒక రోజు కూలిని వదులుకోవడమే. పేద కుటుంబాలు నమోదును వాయిదా వేయడానికి కారణం నిర్లక్ష్యం కాదు, ఈ ఇబ్బందే.

2015 జనవరి 25న, జాతీయ ఓటర్ల దినోత్సవం నాడు, ఎన్నికల సంఘం ప్రారంభించిన ఓటర్ల సేవా పోర్టల్ ఈ భారాన్ని చాలావరకు తగ్గించింది. కొత్త నమోదుకు ఫారం-6, చిరునామా మార్పుకు, తప్పుల సవరణకు ఫారం-8, విదేశాల్లో ఉన్న పౌరులకు ఫారం-6ఏ ఉన్నాయి. ఫొటో, వయసు, చిరునామా ధ్రువపత్రాలు జతచేస్తే ఒక రిఫరెన్సు సంఖ్య వస్తుంది. దరఖాస్తు ఏ దశలో ఉందో దానితో తెలుసుకోవచ్చు. ఆ తర్వాత బూత్ స్థాయి అధికారి విచారణ జరుపుతారు. దరఖాస్తును తిరస్కరిస్తే జిల్లా ఎన్నికల అధికారికి 15 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు.

ఈ సౌకర్యం మహిళలకు మరింత మేలు చేస్తుంది. చిలకలూరిపేటలో పుట్టి మార్కాపురంలో మెట్టిన ఆడపిల్ల పేరు తరచూ పుట్టింటి జాబితాలోనే మిగిలిపోతుంది. ఇకపై ఆమె ఎవరి వెంటా తిరగనక్కర లేకుండా తన ఓటును అత్తవారి ఊరికి మార్చుకోగలదు. యువతకూ వెసులుబాటు పెరిగింది. 2022 ఆగస్టు 1 నుంచి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల మొదటి తేదీలు నాలుగూ అర్హతా తేదీలయ్యాయి. 17 ఏళ్లు నిండినవారు ముందస్తుగానే దరఖాస్తు చేయవచ్చు.

మన కుటుంబాలు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటుంది. షేక్, సయ్యద్, పఠాన్ ఇంటిపేర్లు ఒకే వీధిలో ఎన్నో ఇళ్లకు ఉంటాయి. మస్తాన్ వలీ, నాగుల్ మీరా, మహబూబ్ సుభానీ వంటి పేర్లూ అంతే. ఆంగ్లంలో నింపిన పేరును పోర్టల్ తానే తెలుగులోకి మార్చినప్పుడు అక్షరాలు తారుమారు కావచ్చు. పంపేముందు తెలుగు రూపాన్నీ, తండ్రి లేక భర్త పేరునూ, ఇంటి నంబరునూ సరిచూసుకోవాలి.

సులువైన మార్గాన్ని దుర్వినియోగం చేసేవారూ ఉంటారు. 2019 ఎన్నికల ముందు మన రాష్ట్రంలో ఇతరుల పేర్లు తొలగించాలంటూ ఫారం-7 దరఖాస్తులు ఆన్‌లైన్‌లో పెద్ద ఎత్తున దాఖలై, పోలీసు కేసుల దాకా వెళ్లాయి. 2023లో పర్చూరు నియోజకవర్గం నుంచీ ఇలాంటి ఫిర్యాదులు వచ్చాయి. అసత్య ప్రకటన ఇవ్వడం చట్టరీత్యా శిక్షార్హం. అయినా అప్రమత్తతే మేలైన రక్షణ. అదే పోర్టల్‌లో మన పేరును వెదికి చూసుకోవడానికి కొన్ని నిమిషాలు చాలు.

నామినేషన్ల గడువు ముగిశాక జాబితాలో కొత్త పేర్లు చేరవు. కనుక ఎన్నికల ప్రకటన కోసం వేచి ఉండరాదు. చదువుకున్న పిల్లలున్న ప్రతి ఇల్లూ ముందు తమ పేర్లను, తర్వాత ఇరుగుపొరుగు వృద్ధుల, కూలీల పేర్లను సరిచూసి పెట్టాలి. ఫోను లేని ఇంటికి పొరుగింటి బిడ్డ ఫోనే ఆసరా కావాలి. సందేహాలుంటే 1950 నంబరుకు ఫోన్ చేయవచ్చు.