పర్లాకిమిడి చిన్నరైలు

నౌపడ నుండి గుణుపురము పోవు రైలుమార్గమును గూర్చి ఒడిశాలోని మన సోదరులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. షోలాపురము, భివండి, బెంగుళూరు ప్రాంతముల మనవారికి ఆ కథ అంతగా తెలియదు. అందులో మన సంఘములకు పనికివచ్చు మాట యొకటి ఉన్నదని తోచి వ్రాయుచున్నాము.

మద్రాసు–కలకత్తా పెద్దలైను సముద్రతీరము వెంట వచ్చినప్పుడు పర్లాకిమిడి దానికి 25 మైళ్ల దూరమున, కొండల చెంత ఉండిపోయినది. అప్పటి రాజా గౌరచంద్ర గజపతి ప్రభుత్వ అనుమతి పొంది, సుమారు 7 లక్షల రూపాయల ఖర్చుతో రెండున్నర అడుగుల పట్టాలు వేయించెను. 1900 ఏప్రిల్ 1న నౌపడ నుండి పర్లాకిమిడికి బండి నడిచినది.

తొలి సంవత్సరములలో రాబడి ఖర్చుకు చాలలేదు. 1910 నాటికి గాని కొద్దిపాటి లాభము కనబడలేదు. 1924–25 తర్వాత రాబడి హెచ్చినది. అప్పుడు మార్గమును 1929లో కొంత, 1931లో గుణుపురము వరకు పొడిగించిరి. మొత్తము 56 మైళ్లు. మొదటి అయిదేండ్ల జమాఖర్చు చూచి పట్టాలు పెరికించియుంటే, గుణుపురము వైపు రైలుకూత వినబడియుండెడిది కాదు.

1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడగా పర్లాకిమిడి, గుణుపురము అటు పోయినవి. టెక్కలి, పాతపట్నము ఇటు మిగిలినవి. నడుమ సరిహద్దు పడినను బండి ఆగలేదు. వియ్యాలవారు ఒకవైపు, పుట్టింటివారు ఒకవైపు అయిన కుటుంబములకు ఆ బండి ఎంత ఆదరువో వేరుగా చెప్పవలెనా?

స్వాతంత్ర్యానంతరము మార్గము ప్రభుత్వ రైల్వేలో కలిసినది. పెద్ద పట్టాలు వేయుటకై 2004 జూన్‌లో చిన్నబండిని నిలిపివేసిరి. పర్లాకిమిడికి 2010లో, గుణుపురమునకు 2011లో బండి తిరిగి వచ్చినది. వెనుకటివలె నౌపడలో సరుకు దింపి పెద్దబండికి ఎక్కించు బాధ తీరినది. నడుమ ఆరేడేండ్లు మాత్రము జనులకు రోడ్డే గతి అయినది. చంకన మూట పెట్టుకొని తక్కువ చార్జీతో పోవు చిన్నవానికి పాసింజరు బండి విలువ అది లేనినాడే తెలియును.

రాజావారికి జమీ ఉండెను గనుక నష్టమును ఓర్చుకొనిరి. మనకు జమీలు లేవు. పదిమంది వాటాలే మన జమీ. సొసైటీ పెట్టిన మరుసటి యేడే లాభమేదని అడిగి వాటాధనము వెనుకకు కోరు సోదరులు, ఈ చిన్నరైలు గడిపిన తొలి పదేండ్లను ఒక్కసారి తలచుకొనవలెనని మా మనవి.