భయం ఒకచోట, ప్రమాదం మరొకచోట

2020 వేసవిలో మా ఇంటి గుమ్మం బయట ఒక పాత చెక్కబల్ల ఉండేది. బజారు నుంచి వచ్చిన ప్రతి వస్తువూ ముందు దాని మీద ఎండాలి. పాల ప్యాకెట్లను సబ్బునీళ్ళతో కడిగేవాళ్ళం. కూరగాయలను ఉప్పునీళ్ళలో నానబెట్టేవాళ్ళం. కూరల బండివాడు తిరిగిచ్చిన పది రూపాయల నోటు మీద ఇస్త్రీపెట్టె నడిపిన రోజులు కూడా ఉన్నాయి. నవ్వుకోకండి, మీ ఇంట్లోనూ ఇలాంటిది ఏదో ఒకటి జరిగే ఉంటుంది.

లాక్‌డౌన్ సడలించాక అదే ఇంట్లో సాయంత్రం కాగానే దోమలు వస్తాయని కిటికీలు మూసేవాళ్ళం. పక్కవీధి బంధువులు వచ్చి కూర్చునేవారు. ముసాఫహా మానేశాం కాబట్టి సలాం దూరం నుంచే. ఎవరినీ ముట్టుకోలేదు కదా అన్న ధీమాతో చాయ్ తాగుతూ రెండేసి గంటలు పిచ్చాపాటీ మాట్లాడుకునేవాళ్ళం. నోటును చూసి భయపడ్డాం, మూసిన కిటికీని చూసి భయపడలేదు.

ఆ తప్పు ఏమిటో తెలిసేసరికి ఏడాది గడిచింది. 2021 ఏప్రిల్ మొదటి వారంలో, రంజాన్ ఇంకా వారం రోజులుందనగా, దగ్గరి బంధువుల ఇంట నికాహ్. వెళ్ళాలా వద్దా అని ఇంట్లో రెండు రోజులు వాదన. చివరికి డెబ్భై తొమ్మిదేళ్ళ దాదీమాను ఇంట్లో ఉంచి మిగిలినవాళ్ళం వెళ్ళొచ్చాం. అందరికీ మాస్కులున్నాయి, భోజనాల దగ్గర తప్ప. తిరిగొచ్చాక ప్రతి సాయంత్రమూ దాదీమా మంచం చుట్టూ చేరి పెళ్ళి కబుర్లే. దుల్హన్ ఏం కట్టుకుంది, బిర్యానీలో ఉప్పు సరిపోయిందా, ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు. ఆవిడకు అన్నీ కావాలి. అయిదో రోజున కుర్రవాడొకడికి గొంతు గరగర. తొమ్మిదో రోజున దాదీమాకు జ్వరం. ఆ నెల దాటకుండానే ఆవిడ మమ్మల్ని విడిచిపోయారు.

గడప దాటని మనిషికి జబ్బు ఎలా వచ్చింది? అప్పటి నుంచి చదివిందీ, వైద్యులను అడిగి తెలుసుకున్నదీ కొంత ఇక్కడ పాఠకుల ముందు పెడుతున్నాం.

ఊదు పొగను గమనించండి

శుక్రవారం నాడు ఇంట్లో ఊదు వేస్తాం కదా. తలుపులు మూసిన గదిలో వేస్తే కొద్ది నిమిషాలలో నాలుగు మూలలా పొగే. ఊదుదానికి ఆరడుగుల దూరాన కూర్చున్నా, పన్నెండు అడుగుల దూరాన కూర్చున్నా వాసన తప్పదు. దగ్గర కూర్చున్నవాడికి మరింత ఘాటు, అంతే తేడా. అదే ఊదును వాకిట్లో వేయండి, రెండడుగులు దాటితే పొగ జాడ ఉండదు. కోవిడ్ వైరస్ ప్రధానంగా ప్రయాణించే తీరు ఇదే. రోగి ఊపిరిలో, మాటలో కంటికి కనబడని తుంపరలు వెలువడతాయి. పెద్దవి దగ్గర్లోనే నేల మీద పడతాయి. మరీ చిన్నవి గాలిలో తేలుతూ ఉండిపోతాయి. ఊరికే ఊపిరి పీల్చి వదిలినప్పటి కంటే మాట్లాడితే ఎక్కువ, గొంతెత్తి పాడినా అరిచినా ఇంకా ఎక్కువ.

ఈ సంగతిని పెద్దపెద్ద సంస్థలే వెంటనే ఒప్పుకోలేదు. ఇది గాలి ద్వారా వ్యాపించే జబ్బు కాదని 2020 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థే ప్రకటించింది. ఆ జులైలో 239 మంది శాస్త్రవేత్తలు కలిసి బహిరంగ లేఖ రాయవలసి వచ్చింది. మరి మా బోటివాళ్ళం నోట్లకు ఇస్త్రీ చేశామంటే వింతేముంది! వస్తువుల మాటకొస్తే, వైరస్ అంటిన వస్తువును ఒకసారి తాకినందువల్ల జబ్బు వచ్చే అవకాశం పదివేలలో ఒకటి కంటే తక్కువని అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ కేంద్రం 2021 ఏప్రిల్‌లో తేల్చింది. చేతులు కడుక్కోవడం మానమని కాదు. విరేచనాల వంటి జబ్బులకు అది ఎప్పుడూ మంచి మందే. కాకపోతే చేతులు కడిగేశాం కనుక గండం గడిచిందనుకోవడం పొరపాటు.

మూడు ఉదంతాలు

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో మౌంట్ వెర్నన్ అనే చిన్న ఊరుంది. 2020 మార్చి 10న అక్కడొక చర్చి హాలులో గాయకుల బృందం సాధనకు చేరింది. వచ్చినవారు 61 మంది. సుమారు రెండున్నర గంటలు పాడారు. వారిలో ఒకరికి జలుబు లక్షణాలున్నాయి. తర్వాత లెక్క చూస్తే నిర్ధారణ అయినవీ అనుమానించినవీ కలిపి 53 కేసులు. ఇద్దరు చనిపోయారు.

చైనాలో జెజియాంగ్ రాష్ట్రం నుంచి అదే సంవత్సరం జనవరిలో రెండు బస్సుల నిండా బౌద్ధ భక్తులు ఒక ఆరాధనా కార్యక్రమానికి వెళ్ళారు. రెండో బస్సులో ఒక రోగి ఉన్నారు. రానుపోను ప్రయాణం కలిపి 100 నిమిషాలు. లోపలి గాలినే తిప్పితిప్పి వదిలే ఏసీ. ఆ బస్సులోని 68 మందిలో 24 మందికి జబ్బు తేలింది. రోగికి దూరంగా కూర్చున్నవారికీ వచ్చింది గానీ, తెరవగలిగే కిటికీల పక్కన కూర్చున్నవారు ఒకరు తప్ప అందరూ తప్పించుకున్నారు. మొదటి బస్సులో ఒక్కరికీ రాలేదు.

మూడోది అదే దేశంలో గ్వాంగ్జౌ నగరంలోని ఒక హోటలు. కిటికీలు లేని అంతస్తులో పక్కపక్క బల్లల దగ్గర మూడు కుటుంబాలు భోజనం చేశాయి. ఆ కుటుంబాలలో పదిమందికి సోకింది. ఏసీ గాలి ఏ దారిన తిరిగిందో ఆ దారిలోని బల్లలవే ఈ కుటుంబాలు. అదే అంతస్తులో వేరే బల్లల వద్ద తిన్న 73 మందిలో ఒక్కరికీ రాలేదు, వడ్డించినవారికీ రాలేదు.

చర్చి గాయకులు, బౌద్ధ భక్తులు, పండగకు భోజనానికి వచ్చిన కుటుంబాలు. వైరస్ ఎవరి మతమూ అడగలేదు. 2020లో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ సంగతి వచ్చినప్పుడు మన ఊళ్ళలో కూడా పండ్ల బండ్లవాళ్ళను పేరు అడిగి పంపేసిన రోజులు మరువలేం. ఆ ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, విదేశీ తబ్లీగీలను బలిపశువులను చేశారని చెబుతూ కేసులు కొట్టివేసింది. అలాగని మూసిన చోట జనం కిక్కిరిసి రోజుల తరబడి ఉండటం ప్రమాదం కాదనీ అనలేం. ప్రమాదం గదిలో ఉంది, గదిలోని వారి పేర్లలో లేదు. రెండూ కలిపి చూసినందువల్ల అసలు సంగతి ఎవరికీ ఎక్కలేదు.

షాదీఖానా లెక్క

పెళ్ళికి వెళ్ళే ముందు మేము వేసుకోవలసిన లెక్క ఒకటుంది. వేసుకోలేదు. ఊళ్ళో నూటికి ఒకరి దగ్గర వైరస్ ఉందనుకుందాం. పదిమంది కూడిన చోట కనీసం ఒక రోగి ఉండే అవకాశం నూటికి పది కూడా నిండదు. యాభై మంది కూడితే నూటికి నలభై. మూడొందల మంది వలీమాలో నూటికి తొంభై అయిదు. అంటే రోగి అక్కడున్నాడా అని అడగనవసరం లేదు, ఉన్నాడనే అనుకుని బయలుదేరాలి. ఆపైన హాలుకు కిటికీలున్నాయా, ఎంతసేపు ఉంటాం, మాస్కు ఎప్పుడు తీస్తాం అన్నవే ప్రశ్నలు. ఒకే తబక్‌లో నలుగురు తింటే అన్నం ద్వారా వస్తుందేమోనని అందరూ జంకుతారు. నిజానికి అన్నం కంటే, నాలుగు ముఖాలు అరగంటసేపు ఎదురెదురుగా మాస్కు లేకుండా నవ్వుతూ మాట్లాడుకోవడమే పెద్ద సంగతి.

గుమ్మం దగ్గర పిస్తోలు లాంటి యంత్రం నుదుటికి పెట్టి జ్వరం లేదని పంపేవారు. అదొక తృప్తి. ఈ జబ్బు లక్షణాలు కనబడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇతరులకు అంటుతుంది. మా ఇంటి సంగతే చూడండి. పెళ్ళి నుంచి వచ్చిన రాత్రి దాదీమాకు మా వల్ల ప్రమాదం దాదాపు లేదు. వైరస్ ఒంట్లో పెరగడానికి కొన్ని రోజులు కావాలి. మూడో రోజు, నాలుగో రోజు సాయంత్రాలే ప్రమాదం. అప్పటికి ఇంట్లో ఎవరికీ తుమ్ము కూడా లేదు. తలుపులు మూసి, ఆవిడకు వినబడాలని గొంతు పెంచి మాట్లాడాం.

ఇంకొక లెక్క కూడా చాలామందికి తట్టదు. ఒకసారికి నూటికి ఒకటి అవకాశం అంటే ఏముందిలే అనిపిస్తుంది. అదే పనిని రోజూ చేస్తే డెబ్భై రోజులలో అది సగానికి సగం అవుతుంది. రోజూ కిటికీలు లేని దుకాణంలో పదిగంటలు నిలబడే గుమస్తా కుర్రవాడికి, నెలకొకసారి అక్కడ గుడ్డలు కొనే మనకు తేడా ఇదే.

మస్జిదు సంగతీ ఇంతే. ఈద్‌గాహ్‌లో ఆకాశం కింద నిలబడటం వేరు, ఏసీ కోసం అద్దాలు బిగించిన హాలులో ఖుత్బా వినడం వేరు. పాత మస్జిదులకు పెద్ద సహన్, ఎత్తయిన కప్పు, ఎదురెదురు కిటికీలు ఉండేవి. కొత్తగా కట్టేవారు వాటిని మూసి ఏసీలు పెట్టడం మాకెందుకో మింగుడుపడదు.

ఎవరు తెచ్చారు?

దాదీమా పోయాక ఇంట్లో ఎవరికి వారు లోలోపల అడుగుకున్న ప్రశ్న ఇది. గొంతు గరగర వచ్చిన కుర్రవాడయితే ఏడాదిపాటు సరిగా అన్నం తినలేదు. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ తమిళనాడులోనూ 2020లో జరిగిన ఒక పెద్ద అధ్యయనం గురించి అతనికి చెప్పాం. 84,965 మంది రోగులు, వారితో మెలిగిన 5,75,071 మంది వివరాలు పరిశీలించారు. రోగులలో దాదాపు 70 శాతం మంది నుంచి, వారితో మెలిగి పరీక్ష చేయించుకున్న వారిలో ఒక్కరికీ సోకినట్టు కనబడలేదు. కొద్దిమంది నుంచే ఎక్కువమందికి పాకింది. ఒకే ఇంట్లో ఉన్నవారిలో సోకినవారు 9 శాతం. ఆరు గంటలకు పైబడి ఒకే వాహనంలో రోగికి దగ్గరగా కూర్చున్నవారిలో మాత్రం 79 శాతం. అలాంటివారు 78 మందే లెక్కకు దొరికారు గానీ, వ్యాన్ మాట్లాడుకుని అద్దాలు బిగించి దూరపు ఊళ్ళకు పోయేవారు ఆ అంకెను గుర్తుంచుకోవాలి. ఇవి తొలి రకం వైరస్ నాటి లెక్కలు. 2021లో వచ్చిన డెల్టా, ఆ తర్వాతి ఒమిక్రాన్ ఇంకా వేగంగా పాకాయి.

అతని వల్లనా, మా వల్లనా, పాలు పోసే మనిషి వల్లనా అన్నది ఇక తేలదు. ఆరుగురం వెళ్ళాం, ఆరుగురం ఆ గదిలో కూర్చున్నాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న అత్యవసర స్థితి ముగిసిందని ప్రకటించింది. వైరస్ మాత్రం ఎక్కడికీ పోలేదు. టీకాలు ప్రాణాపాయాన్ని బాగా తగ్గించాయి, సోకకుండా ఆపే శక్తి వాటికి అంతకాలం నిలవదు. పెద్దవయసువారికి, షుగరు, గుండెజబ్బు ఉన్నవారికి అది ఇప్పటికీ మామూలు జలుబు కాదు. అందుకని మా ఇంట్లో ఒక ఏర్పాటు చేసుకున్నాం. పెద్ద ఫంక్షనుకు వెళ్ళొచ్చినవారు అయిదారు రోజులు అబ్బాజాన్‌తో వరండాలోనే కూర్చుంటారు. గదిలోకి వెళ్ళవలసి వస్తే ముక్కు మీద నుంచి గడ్డం కింది దాకా అంటుకునే ఎన్95 మాస్కు. మొదట్లో ఆయన విసుక్కున్నారు. ఇప్పుడు పెళ్ళి నుంచి ఎవరు వచ్చినా తనే లేచి వరండాలోకి కుర్చీ తెచ్చుకుంటున్నారు.

దాదీమా గది కిటికీకి మేకులు కొట్టి ఉండేది. మొన్న వడ్రంగిని పిలిచి ఆ మేకులు తీయించి దోమతెర బిగించాం. రెండు గంటల పని, కూలి ఆరువందలు తీసుకున్నాడు.